కాకిబంగారానికి ఒక చీటీ



నేను పెట్టిన రాళ్ల ఫొటోలు చూసి చాలామంది ఒకటే అడిగిన్రు: "తమ్మీ, అది బంగారమా? అమ్మితే ఎంతొస్తది?" ఒక అన్న అయితే "మనోళ్లు రాళ్లు కొట్టి కొట్టి నడుములు పోగొట్టుకున్నరు, నువ్వు డిగ్రీ చదువుకుంట మళ్ల రాళ్లే ఏరుతున్నవా" అన్నడు. అన్న నవ్వుకుంటనే అన్నడు గని, ఆ మాటల నిజం ఉంది. దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేను. అందుకే కొంచెం పెద్దగ రాస్తున్న, ఓపికతోని చదవుండ్రి.

ముందుగాల బంగారం సంగతి తేల్చుకుందాం. ఫొటోల ఉన్నది బంగారం కాదు, పైరైట్. ఇనుము, గంధకం కలిసి తయారైన ఖనిజం. ఇంగ్లీషోళ్లు దీన్ని మూర్ఖుల బంగారం అని వెక్కిరిస్తరు. మన దిక్కు మెరిసే రాయి ఏది దొరికినా కాకిబంగారం అంటరు. ఎక్కువగా అభ్రకాన్నే అట్ల పిలుస్తరు గని, మా తండల పైరైట్‌కు కూడా అదే పేరు. నాకు మన పేరే నచ్చింది. వాళ్ల పేరు చూసినోన్ని తిట్టినట్టుంటది. మన పేరుల తిట్టు లేదు, మెరుపు ఒక్కటే ఉంది.

బంగారమా, కాకిబంగారమా అని తెలుసుకునుటానికి షాపుకు పోవాల్సిన పని లేదు. బంగారం మెత్తన. సుత్తెతోని కొడితే రేకు లెక్క సాగుతది. పైరైట్‌ను కొడితే పగిలి పొడి అయితది. గోడకు పెట్టే టైల్ వెనక వైపు, పాలిష్ లేని తెల్లటి భాగం ఉంటది గదా, దాని మీద రుద్దుండ్రి. బంగారం పసుపు గీత గీస్తది. పైరైట్ మాత్రం ఆకుపచ్చ కలిసిన నల్లటి గీత గీస్తది. పైన అంత పచ్చగ మెరిసే రాయి కింద నల్లగ రాస్తది, అదే దాని గుర్తు. బరువు కూడా చెప్తది: బంగారం నీళ్లకంటే 19 రెట్లు బరువు, పైరైట్ 5 రెట్లు, మామూలు గ్రానైట్ రాయి రెండున్నర రెట్ల పైన. ఇంకోటి, పైరైట్ గాజు మీద గీత పెడ్తది, బంగారం పెట్టలేదు. రాళ్ల గట్టితనానికి 1 నుంచి 10 దాక మోస్ అనే శాస్త్రవేత్త పెట్టిన లెక్క ఒకటుంది. అందుల మన గోరు రెండున్నర, గాజు ఐదున్నర, పైరైట్ 6 నుంచి ఆరున్నర, పలుగు రాయి 7. ఉక్కుతోని కొడితే పైరైట్ చకుముకి రాయి లెక్క నిప్పురవ్వ లేపుతది. గ్రీకు భాషల నిప్పు అనే మాట నుంచే దానికి పైరైట్ అని పేరొచ్చింది.

మరి ధర లేనిదాన్ని ఎందుకు దాచుకునుడు? దాని ఆకారం చూస్తే మీకే తెలుస్తది. పైరైట్ భూమిలనే ఆరు పలకల పాచిక లెక్క పెరుగుతది. ఎవ్వరు చెక్కలే, ఎవ్వరు పాలిష్ పట్టలే. స్పెయిన్ దేశంల నవాహూన్ అనే చిన్న ఊరు దగ్గర మెత్తటి మట్టి రాయిల అరచేతిల పట్టేంత పాచికలు దొరుకుతయి. ప్రపంచం మొత్తం మీద ఖనిజాలు దాచుకునేటోళ్ల దగ్గర ఆ ఊరి పాచిక ఒకటన్న ఉంటది. నా దగ్గర ఉన్నవి ఆవగింజంత, పెద్దదైతే జొన్నగింజంత. ఫోన్ కెమెరా ముందల ఒక భూతద్దం పెట్టి చూస్తే, ఆవగింజంత దాని మీద కూడా పలకలు, పలకల మీద సన్నటి గీతలు కనవడ్తయి. ఒక పలక మీద గీతలు నిలువుగ ఉంటే పక్క పలక మీద అడ్డంగ ఉంటయి.

ఈ ఆకారం ఎట్లొస్తదో అర్థం కావాలంటే హాస్టల్ వంటింట్లకు పోయి ఒక రాళ్ల ఉప్పు పలుకు తీస్కొని చూడుండ్రి. అరిగిపోని పలుకు దొరికితే అది కూడా పాచికే. లోపల అణువులు ఒక వరుసల, ఒకే తీరుగ పేర్చుకుంట పోతయి. ఆ వరుసే బయటికి ఆకారమై కనవడ్తది. స్ఫటికం అంటే అంతే. మా లంబాడోళ్ల పెద్దలు ఎడ్ల మీద దేశమంత మోసింది ఉప్పే గదా. లవణం అనే మాట నుంచే లంబాడ అనే పేరొచ్చిందని చాలామంది చెప్తరు. అంటే వందల ఏండ్లు మనం మూటలు కట్టి మోసింది స్ఫటికాలనే. ఇది మనకు కొత్త సరుకేం కాదు.

ఇగ నాకు ఇవి యాడ దొరుకుతయని అడిగినోళ్లకు జవాబు: కంకర కుప్పలల్ల. మా కొడిమ్యాల చుట్టుపక్కల గుట్టలు, కరీంనగర్ దాక ఉన్న బండలు, దాదాపు 250 కోట్ల ఏండ్ల నాటివి. భూమి లోతుల మస్తు వేడికి, ఒత్తిడికి ఉడికిన రాళ్లు. కొన్నింట్ల ఎర్రటి గార్నెట్ గింజలు దానిమ్మ గింజల లెక్క కనవడ్తయి. మన కరీంనగర్ నుంచి కాకినాడ రేవు మీదుగ చైనా దాక పోయే టాన్ బ్రౌన్ గ్రానైట్ మీరు చూసే ఉంటరు, పెద్దోళ్ల ఇండ్లల్ల వంటింటి బండ. నల్లటి దాని మీద గోధుమ ఎరుపు మచ్చలు ఉంటయి గదా, ఆ ఒక్కొక్క మచ్చ ఒక ఫెల్డ్‌స్పార్ స్ఫటికం. ఈ గ్రానైట్ గుట్టల నడుమ అక్కడక్కడ బారుగ నల్లరాయి కోసుకుంట పోతది. పాత బండ పగిలిన సందుల కింది నుంచి కరిగిన రాయి ఎక్కి గట్టిపడ్డది అది. దాన్ని డైక్ అంటరు. ఆ నల్లరాయిని కంకర కొడితే, పగిలిన ముఖం మీద ఒక్కోసారి పచ్చగ తళుక్కుమంటది. అదే పైరైట్. రోడ్డు పక్కన పోసిన కుప్పల పొద్దున ఎండ ఏటవాలుగ పడ్డప్పుడు చూస్తే దొరుకుతది. క్వారీ లోపలికి పోవాల్సిన అవసరమే లేదు.

ఇది నాకు ఏ సారు చెప్పలే, పుస్తకంల చదవలే. మా మామ, అంటే మా యాడి తమ్ముడు చెప్పిండు. ఆయన ఒక క్రషర్ల పన్నెండేండ్లు పనిచేసిండు. బడికి పోలే, సంతకం రాదు. బండ మీద సుత్తె ఏస్తే వచ్చే సప్పుడుతోని చెప్తడు: ఖంగుమంటే బండ నిండుగ ఉంది, బొద్దుగ మోగితే లోపల పగులు ఉంది. ఏ బండ ఏ దిక్కు చీలుతదో చేత్తోని తడిమి చెప్తడు. పచ్చటి మెరుపున్న బండను పాలిష్‌కు తీస్కోరని కూడా ఆయనే చెప్పిండు. ఎందుకని అడిగితే "అది ఏడుస్తది" అన్నడు. నాకు అర్థం కాలే. కెమిస్ట్రీ చదివినంక తెలిసింది. బండల పైరైట్ గింజ ఉంటే గాలికి, నీళ్లకు అందులున్న ఇనుము తుప్పు పట్టి పసుపు నీరు లెక్క కిందికి కారుతది. తెల్లటి బండ మీద మరక దిగుతది, రేటు పడిపోతది. నా సిలబస్‌ల ఒక పేజీ సమీకరణం మా మామకు రెండు ముక్కల మాట.

ఇప్పుడు ఆయన నాలుగడుగులేస్తే ఆయాసపడ్తడు. పలుగు రాయి పొడి ఊపిరితిత్తులల్ల చేరితే వచ్చే సిలికోసిస్ అది. ఒకసారి వస్తే పోదు. మూతికి తువ్వాల కట్టుకుంటే సన్నటి ఆ దుమ్ము ఆగదు. మనోళ్లల్ల చాలామంది టీబీ అనుకొని ఏండ్ల తరబడి టీబీ మందులే మింగుతుంటరు. పని వల్ల వచ్చే రోగాల పట్టికల సిలికోసిస్ ఉంది, చట్టం ప్రకారం పరిహారం అడగొచ్చు. కని అడగాలంటే ముందుగాల ఆ క్రషర్ల పనిచేసినట్టు రుజువు ఉండాలె. మా మామ దగ్గర హాజరు చీటీ లేదు, జీతం చీటీ లేదు, గుర్తింపు కార్డు లేదు. శనివారం శనివారం చేతిల డబ్బులు పెట్టిన్రు, అంతే. పన్నెండేండ్ల పనికి ఒక్క కాగితం ముక్క లేదు.

ఈ సంగతి పక్కన పెట్టుకొని చదవుండ్రి, ఇగ చెప్పేది ఖనిజాలు దాచుకునే పనిల అసలు సూత్రం. రాయి ఎంత పెద్దగున్నా, ఎంత మెరిసినా, దానితోపాటు చీటీ లేకుంటే అది సగం విలువనే. చీటీ మీద ఆ రాయి ఏంది, ఏ ఊరి ఏ గుట్టల, ఏ రాయి లోపల దొరికింది, ఏ రోజు, ఎవరికి దొరికింది అని ఉండాలె. చీటీ పోయిన రాయి షోకేసుల బొమ్మ. చీటీ ఉన్న రాయి సాక్ష్యం.

దీనికి మన తెలంగాణలనే పెద్ద ఉదాహరణ ఉంది. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట అని ఊరుంది, కోయ అన్నలక్కలు ఉండే దిక్కే. అక్కడి గుట్ట చుట్టూ మట్టిల, ఇసుకల ఎర్రటి గార్నెట్లు దొరుకుతయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడు అనే పాత రేవుపట్నం తవ్వకాలల్ల గార్నెట్ పూసలు బయటపడ్డయి. అక్కడ రెండు వేల ఏండ్ల కింద రోమ్ దేశంతోని వ్యాపారం నడిచింది. ఆ గార్నెట్లు యాడివి? శాస్త్రవేత్తలు అరికమేడు రాళ్లను, గరీబ్‌పేట రాళ్లను పక్కపక్కన పెట్టి, లోపల చిక్కుకున్న సన్నటి వేరే ఖనిజాలను, రసాయన లెక్కను పోల్చి, రెండు ఒక్క చోటివే అని 2017ల పేపర్ రాసిన్రు. ఇది గరీబ్‌పేట రాయి అని ఖాయంగ తెలిసిన ముక్కలు చేతిల ఉన్నయి కాబట్టే ఆ పోలిక కుదిరింది. మన అడవి అంచున వాగుల ఏరిన గింజలు అంత దూరం పోయినయని చెప్పింది కథ కాదు, రాయి.

ఇంకో ఉదాహరణ మన పక్క రాష్ట్రంది. మహారాష్ట్రల నల్లటి బసాల్ట్ రాయి లోపల బుడగల లెక్క ఖాళీలు ఉంటయి. వాటిల్ల జియోలైట్లు, ఇంకా రకరకాల స్ఫటికాలు పెరుగుతయి, తెల్లగ, గులాబీ రంగుల, ఆకుపచ్చగ. 1850లల్ల బొంబాయి నుంచి పుణె దిక్కు బోర్ ఘాట్ కొండలు తొలిచి రైలు పట్టాలు ఏసేటప్పుడు ఇవి కుప్పలు కుప్పలు బయటపడి యూరప్ మ్యూజియాలకు చేరినయి. ఇప్పటికీ పుణె, నాసిక్, జల్గావ్ దిక్కు క్వారీలల్ల, బావులల్ల దొరుకుతయి. పుణె పక్కన వాఘోలి క్వారీల దొరికే నీలిరంగు కావన్‌సైట్ ప్రపంచంల ఇంకెక్కడా అంత మంచిగ దొరకదు. అసలు ఇది మొదలు దొరికింది అమెరికా ఒరెగాన్ రాష్ట్రంల, కని పేరు తెచ్చింది మాత్రం వాఘోలి. ఇవన్నీ విరగకుండ బండ లోపల నుంచి తీసేది ఎవరు? క్వారీ కూలీలే. చెయ్యి జారితే వేల రూపాయల ముక్క పొడి అయితది, అంత నేర్పు కావాలె. మ్యూజియం చీటీ మీద మామూలుగా ఊరు పేరు ఉంటది, ఇచ్చిన పెద్దమనిషి పేరు ఉంటది. తీసిన చెయ్యి పేరు ఉండదు.

అందుకే నా చీటీల మీద ఒక గీత ఎక్కువ పెట్టుకున్న: "చూపించింది ఎవరు". నా దగ్గర ఇప్పటికి ముప్పై నాలుగు రాళ్లున్నయి. పందొమ్మిదింటి మీద మా మామ పేరుంది. మూడింటి మీద మేకలు కాసే మా అవ్వ పేరుంది. గుట్ట మీద ఆరు పలకల పలుగు స్ఫటికాలు యాడ తేలుతయో వాన పడ్డ తెల్లారి ఆమెకే తెలుస్తది. పేరు రాసి చదివి వినిపిస్తే మామ ఏమనలే. రాయి తీస్కొని కొంచెంసేపు ఎలుగుల తిప్పి చూసి, "దీన్ని తడిల పెట్టకు" అన్నడు. ఈ చీటీతోని ఆయనకు పరిహారం రాదు, నాకు తెలుసు. దానికి వేరే తిప్పలు పడుతున్నం, తోటి కూలీల సాక్ష్యం, ఎక్స్‌రేలు, లేబర్ ఆఫీసు చుట్టూ తిరుగుడు. మీ ఇండ్లల్ల క్రషర్‌కు, క్వారీకి పోయేటోళ్లు ఉంటే ఈ రోజే చెప్పుండ్రి: పని చేసే తావుల ఫొటో తీస్కొమ్మని, తారీఖులు ఒక నోటుబుక్కుల రాస్కొమ్మని, డబ్బులు ఫోన్ల ఏయించుకొమ్మని. రాయికి ఎట్ల చీటీ కావాల్నో మనిషికి కూడా అట్లనే కావాలె.

మన హక్కుల చరిత్రల కూడా ఒక స్ఫటికం ఉంది, కాల్సైట్. నిమ్మరసం చుక్క ఏస్తే సన్నగ బుసబుస పొంగే రాయి, బొర్రా గుహలల్ల వేలాడేది అదే. విశాఖ మన్యంల అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ ఊర్లల్ల కాల్సైట్, ఇంకా వేరే ఖనిజాల కోసం గిరిజనేతరులకు లీజులు ఇచ్చిన్రు. సమత అనే సంస్థ కోర్టుకు పోయింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ఏరియాల ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు మైనింగ్ లీజుకు ఇయ్యొద్దని చెప్పింది. మన కొడిమ్యాల షెడ్యూల్డ్ ఏరియా కాదు కాబట్టి ఆ తీర్పు మనకు నేరుగ వర్తించదు. కని ఏజెన్సీల ఉన్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ తీర్పు పేరు నోటికి తెలుసుకోవాలె. కాళ్ల కింద ఏ రాయి ఉందో తెలిసినోడే దాని మీద మాట్లాడగలడు.

దాచుకోవాలనుకునే వాళ్లకు కొన్ని పని మాటలు. గుడ్ల ట్రే మంచి పెట్టె, ఒక్కొక్క గుంటల ఒక రాయి, రాయి మీద చిన్న నంబర్, అదే నంబర్ నోటుబుక్కుల. స్ఫటికం పలకలను గీకొద్దు, పగలగొట్టి చూడొద్దు, అంటుకున్న తల్లి రాయితోనే ఉంచుండ్రి. పలుగు స్ఫటికాలను సబ్బు నీళ్లతోని, పాత బ్రష్‌తోని కడగొచ్చు. పైరైట్‌ను మాత్రం నీళ్లల్ల నానెయ్యొద్దు. తడి గాలికి అది తెల్లటి పొడి పట్టి, గంధకం వాసన కొట్టి, సన్నటి యాసిడ్ వదులుతది, కింద ఉన్న చీటీని కూడా తినేస్తది. మామ చెప్పిన తడి సంగతి ఇదే. సింగరేణి బొగ్గుల బంగారు రేకు లెక్క కనవడే పైరైట్ అయితే ఇంకా తొందరగ పాడైతది. బూట్ల డబ్బాల వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారెయ్యకుండ ఒక మూత డబ్బాల రాయితోపాటు పెట్టుండ్రి. బండ కొట్టేటప్పుడు కండ్లకు అద్దాలు, నీళ్లు చల్లి కొట్టుడు, దుమ్ము పీల్చొద్దు. నీళ్లు నిండిన పాత క్వారీ గుంతల దిక్కు పోవొద్దు. రిజర్వు అడవిల, గుహలల్ల, గుడి బండలల్ల చెయ్యి పెట్టొద్దు. ఒకరి పట్టా భూమి అయితే అడిగి తీస్కోవాలె.

ఇగ చదువు సంగతి. మా బా నన్ను కానిస్టేబుల్ పరీక్ష రాయమంటున్నడు. ఆయన తప్పు లేదు, తండల ఇంటికొక జీతం వస్తే అప్పు తీరుతది. నేను డిగ్రీ అయినంక జియాలజీ పీజీ చెయ్యాలనుకుంటున్న. ఉస్మానియాల ఉంది. కొత్తగూడెం మైనింగ్ కాలేజీని 2025ల ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ చేసిన్రు. పీజీ అయినంక యూపీఎస్సీ పెట్టే జియో సైంటిస్ట్ పరీక్ష రాస్తే 1851ల పుట్టిన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాల ఉద్యోగం వస్తది. ఎస్టీ రిజర్వేషన్ ఉంది. ఈ పరీక్ష పేరు మా హాస్టల్ల అడిగితే నూటికి ఒక్కరు కూడా చెప్పలే. గుట్టలల్ల పుట్టినోళ్లం, గుట్టల ఉద్యోగం ఒకటి ఉందని మనకే తెల్వదు. బాను ఒప్పించలే ఇంకా. రెండు పరీక్షలకు చదువుతున్న, ఏది ముందుగాల వస్తే అది చూద్దాం.

అన్న అడిగిన దానికి ఇగ నా జవాబు. మనోళ్లు కూలికి రాయి కొట్టిన్రు, ఆ రాయి పోయింది, వాళ్ల పేరు కూడా పోయింది. నేను ఏరేది ఆ రాళ్లే, కని పేరుతోని ఏరుతున్న. ఈ పండుగ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీరు కూడా ఒక్క రాయి తెచ్చుకోండ్రి. ఏ రాయైనా సరే, వాగుల సూదంటురాయికి అంటుకునే నల్ల ఇసుక అయినా సరే. దాని మీద ఊరు, తారీఖు, మీకు చూపించిన మనిషి పేరు రాయుండ్రి. ఆ మనిషిని ఆ రాయి గురించి ఇంకేం తెలుసో అడగుండ్రి, చెప్పింది చెప్పినట్టు వాళ్ల మాటల్నే రాస్కోండ్రి, గోర్‌బోలిల చెప్తే గోర్‌బోలిల, కోయల చెప్తే కోయల. ఫొటో తీసి ఇక్కడ పెడితే అది ఏ ఖనిజమో అందరం కలిసి తేల్చుకుందాం.

మీ తమ్ముడు,
బీఎస్సీ రెండో సంవత్సరం, కొడిమ్యాల మండలం